బొట్టు పెట్టిన పానా

పోలీసు వ్యాను మమ్మల్ని డ్యూటీ చేస్తున్న పులివెందులలో ఎక్కించుకుని జమ్మలమడుగు శివార్లలోని ఒక కాలేజీ మైదానంలో దించింది. ఉదయం ఏడు దాటింది. మూడు రోజుల వాన అప్పుడే తెరిపిచ్చింది. నేల నల్లరేగడి. వ్యాను మెట్టు మీంచి కాలు దించగానే బూటు చీలమండ దాకా దిగబడింది. మైదానం మధ్యలో కంకర పోసి రోలరు తొక్కించిన చదరం, దాని మీద సున్నంతో గీసిన గుండ్రటి గీత, గీత లోపల హెలికాప్టరు. ఊరి మీద ఎగిరేటప్పుడు చూడటమే తప్ప నేలమీద ఉండగా ఎప్పుడూ చూడలేదు. అనుకున్నదానికంటే చిన్నది. రేకు పలచగా అనిపించింది.

నేను హోంగార్డుని. సైనికురాలిని కాను, తుపాకీ పట్టలేదు. ముప్ఫై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుని, ఆ తర్వాత ఖాకీ వేసుకున్నదాన్ని. అయినా నా సర్వీసులో మూడు వారాలు సైన్యం పద్ధతిలోనే గడిచాయి. పడుకునే వేళ, లేచే వేళ, నడిచే దారి, అన్నీ ఆ హెలికాప్టరుతో వచ్చిన యూనిఫారం దళంవాళ్ళు చెప్పినట్టే. వాళ్ళు ఏ దళంవాళ్ళో ఇక్కడ రాయను. వరదలో చిక్కుకున్న మన ఊళ్ళ కోసం వచ్చారు, అంతవరకు చాలు.

నా దగ్గరున్న సామాను: రెండు జతల ఖాకీ, రెయిన్‌కోటు, లాఠీ, టార్చి, భుజానికి వేలాడే వైర్‌లెస్ సెట్టు. మా ఎస్సై ఇచ్చిన ఉత్తర్వులు మూడే. తాడు దాటి ఎవరినీ రానివ్వకూడదు. గుడ్డపీలిక, ప్లాస్టిక్ సంచి, కాగితం ఏది కనిపించినా ఏరెయ్యాలి, ఎందుకంటే రెక్కల గాలి వాటిని లాక్కుంటుంది. హెలికాప్టరు వెనక తోక వైపు ఎప్పుడూ నడవకూడదు.

పడమటి దిక్కున గండికోట కొండలు. వాటి మీద మబ్బు కూర్చుంటే ఆ రోజుకి ఎగరడం లేనట్టే. కొండాపురం దాటాక వాగులకు అవతల ఉన్న ఊళ్ళకు దారులు తెగిపోయాయి. పడవలో పోదామంటే ప్రవాహం తిప్పి కొడుతోంది. బియ్యం, మంచినీళ్ళు, మందులు తీసుకుపోవడం, జబ్బు మనుషులను తీసుకురావడం, ఇదే పని.

పైలట్ సారుది విశాఖ వైపు. తక్కువ మాట్లాడేవాడు. హెలికాప్టరును చూసుకునే ఫిట్టరు బళ్ళారి పక్క మనిషి, ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి. కన్నడం కలిసిన తెలుగు. డబ్బును మేం దుడ్లు అంటే తనూ దుడ్లు అనేవాడు, అందుకని మాకు తొందరగా కలిశాడు. ఆయన చేసిన పనిని సరిచూడాల్సిన రెండో ఫిట్టరు జ్వరంతో కడపలో ఆసుపత్రిలో చేరాడు. ఈయన ఒక్కడే మిగిలాడు. ఇక క్యాంపుకు కరెంటిచ్చేది ప్రొద్దుటూరు నుంచి వచ్చిన జనరేటరు. దాన్ని నడిపే మస్తాన్ మామకు అరవై దగ్గర. బీడీ తాగాలంటే మైదానం దాటి రోడ్డు మీదికి పోవాల్సి వచ్చేది. ఆ కోపం రోజంతా ఎవరో ఒకరి మీద చూపించేవాడు.

ఫిట్టరు దగ్గర ఒక పచ్చరంగు పెట్టె ఉండేది. లోపల దళసరి స్పాంజి. స్పాంజిలో ఒక్కో పనిముట్టు ఆకారంలో ఒక్కో గుంత. పానాకు పానా గుంత, స్క్రూడ్రైవరుకు స్క్రూడ్రైవరు గుంత. ప్రతి పనిముట్టు మీదా చిన్న అంకె చెక్కి ఉంటుంది. పని అయిపోగానే నిచ్చెన మీద ఉండగానే అన్నీ గుంతల్లో పెట్టి, ఒక్కొక్కదాన్ని వేలితో తాకుతూ పోయేవాడు. గుంత ఖాళీగా ఉంటే ఆ వస్తువు ఇంకా హెలికాప్టరులో ఉన్నట్టు. అన్నీ నిండితేనే సంతకం. సంతకం అయితేనే పైలట్ ఎక్కుతాడు.

"ఏందప్పా, దేవుని గదిలో దీపాలు ముట్టిచ్చినట్లు దినామూ ముట్టుకుంటాండావు?" అని ఒకసారి అడిగాను.

"దేవుడు మర్చిపోతే మన్నిస్తాడక్కా. ఇది మన్నించదు" అన్నాడు.

దసరా క్యాంపులోనే వచ్చింది. ఆయుధపూజ నాడు మన పక్క బస్సుకైనా, కుట్టుమిషనుకైనా, గొర్రెల కత్తెరకైనా బొట్టు పెట్టందే ఊరుకోం కదా. మబ్బు దిగింది కాబట్టి ఆ రోజు ఎగరడం లేదు. ఫిట్టరు పొద్దున్నుంచి నిచ్చెన మీదే ఉన్నాడు. ఇన్ని గంటలు ఎగిరాక ఇన్ని చూడాలని ఉంటుంది, ఆ మామూలు తనిఖీ. ఇంజను మూత తెరిచి నూనె వడగట్టే ఫిల్టరు మారుస్తున్నాడు. కింద మేం దుప్పటి పరిచాం. మా లాఠీలు, వంటవాళ్ళ కత్తిపీట, మస్తాన్ మామ పనిముట్లు అన్నీ కడిగి పెట్టాం.

"అప్పా, ఆ ఇంజినుకు సేవ చేసింది చాలు గానీ దిగు" అన్నాడు మస్తాన్ మామ. "నీ పానాలు కూడా తీస్కరా. అవొక్కటే పూజ ల్యాకుండా పోతాయి."

"నువ్వు తురకాయనవు, నీకెందుకు మామా ఇంత తొందర?" అన్నాడు మా వంటాయన.

"అల్లా పేరు చెప్పి ఒకసారి, అమ్మవారి పేరు చెప్పి ఒకసారి స్టార్టు చేస్తా. ఇద్దర్లో ఒకరికన్నా ఇనపడకపోతాదా?"

అందరం నవ్వాం. అంతలో తుంపర మొదలైంది. ఇంజను తడవకూడదని ఫిట్టరు గబగబా మూత వేసి బిగించాడు. పనిముట్లను పెట్టెలో సర్దలేదు. కడగాలి కదా అని గుడ్డలో మూటగట్టి కిందికి తెచ్చి బకెట్టులో వేశాడు. నాతోపాటు వచ్చిన హోంగార్డు అమ్మాయి ఒక్కొక్కటి తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి దుప్పటి మీద వరసగా పేర్చింది. మస్తాన్ మామవీ, ఫిట్టరువీ పక్కపక్కనే. గుమ్మడికాయ కొట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టలేదు, ఫిట్టరు ఒప్పుకోలేదు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు మళ్ళీ టెంకాయ కొట్టేదాకా ముట్టకూడదు. అది మన పద్ధతి. ఆయన ఊళ్ళోనూ అదే పద్ధతట. కాబట్టి ఆ రాత్రి పనిముట్లన్నీ టార్పాలిన్ కింద అమ్మవారి పటం ముందే ఉన్నాయి. పెట్టె ఖాళీగా ఉంది.

మర్నాడు తెల్లవారగానే సెట్టు పలికింది. వాగుల అవతలి ఊరి వీఆర్వో.

"జమ్మలమడుగు క్యాంపు, ఇంటాండారా? ఈడ ఓబుళమ్మని ఒకామె ఉంది. కిడ్నీలు పోయినాయి. వారానికి రెండుసార్లు ప్రొద్దుటూరుకు డయాలసిస్‌కు పోయే మనిషి. వానలకు రెండుసార్లూ పోలేకపోయింది. ఒళ్ళంతా నీరు పట్టింది, ఊపిరాడటం ల్యాదు."

పైలట్ సారు ఆకాశం చూశాడు. కొండల మీద మబ్బు లేచి ఉంది. "గంట, గంటన్నర టైముంది. ఆ తర్వాత మళ్ళీ దిగిపోతుంది" అన్నాడు. ఆమెతో కూర్చోవడానికి ఒక ఆడమనిషి కావాలన్నాడు. హోంగార్డు అమ్మాయిని చూశాడు, నన్ను చూశాడు. నా బరువు అడిగాడు. చెప్పాను. "మీరు రండి" అన్నాడు.

ఆ తొందరలో టెంకాయ కొట్టారు. మస్తాన్ మామ, వంటాయన, హోంగార్డు అమ్మాయి కూర్చుని పనిముట్లను పచ్చపెట్టెలో సర్దిపెట్టారు. గుంత ఆకారం చూసి దానికి తగింది పెట్టడమే కదా. ఫిట్టరు బయటి నుంచి హెలికాప్టరు చుట్టూ చూసి వచ్చాడు. పెట్టె తెరిచాడు. ఖాళీ గుంత లేదు. అన్నిటికీ కుంకుమ బొట్లు. మూసి సంతకం పెట్టాడు. పైలట్ సారు ఎక్కాడు.

నేను తాడు దగ్గర నిలబడ్డాను. నీళ్ళ మీద పోతాం కాబట్టి గాలి చొక్కా వేసుకోవాలి. ఫిట్టరు నాకు దాని పట్టీలు బిగిస్తున్నాడు. అప్పుడు మస్తాన్ మామ వచ్చాడు.

"అప్పా, నా పానా యాడన్నా సూసినావా?"

"నీ పానాతో నాకేం పని మామా. నీ సంచిలో సూడు."

"సంచి బోర్లిచ్చి సూసినా. రింగు పానా, చిన్నది. నిన్న పూజలో ఉండాది, ఇప్పుడు ల్యాదు. దానికేమన్నా కాళ్ళొచ్చినాయా? జనరేటరు బోల్టు లూజయి కొట్టుకుంటాండాది."

పట్టీ మీద ఫిట్టరు వేళ్ళు ఆగిపోయాయి. ఆయన ముఖం నాకు జానెడు దూరంలో ఉంది.  పట్టీని అట్లాగే వదిలేసి పెట్టె దగ్గరకు పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రింగు పానాలను ఒక్కొక్కటే తీసి తిప్పి చూస్తున్నాడు. ఒకదాని మీద కుంకుమను బొటనవేలితో రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. దాని మీద అంకె లేదు. ఆ గుంతలో పడుకుని ఉన్నది మస్తాన్ మామ పానా. మరి ఆయనది ఎక్కడుంది?

అప్పటికే ఇంజను ఈల వేయడం మొదలైంది. రెక్కలు మెల్లగా కదిలాయి.

ఫిట్టరు పరిగెత్తాడు. టోపీ ఎగిరిపోయింది. పైలట్ అద్దం ముందుకు పోయి నిలబడి, రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా పెట్టాడు. తర్వాత అరచేతిని మెడకు అడ్డంగా గీశాడు. ఆపెయ్యమని గుర్తు. ఈల సన్నబడింది. రెక్కలు ఆగిపోయాయి.

మా ఎస్సై తాడు దాటి వచ్చాడు. "ఏందప్పా ఇది? ఆడ మనిషి పాణం పోతాండాది."

"సార్, నా పానా ఒకటి ఇంజిన్లో ఉండొచ్చు."

"ఉండొచ్చా? ఉండాదా?"

"తెల్దు సార్. అందుకే ఆపినా."

"పెట్టెలో అన్నీ ఉండాయని నువ్వే గదా ఇప్పుడు సంతకం పెట్టింది?"

"నేనే పెట్టినా సార్. తప్పు పెట్టినా."

అంతమంది ముందు ఆ మాట అనడానికి ఆయనకు క్షణం కూడా పట్టలేదు. పైలట్ సారు దిగి వచ్చాడు. తిట్టలేదు. ఎంతసేపు పడుతుందని అడిగాడు. దొరికేదాకా అన్నాడు ఫిట్టరు. పైలట్ తల ఊపి తనే నిచ్చెన మోసుకొచ్చాడు.

ఇద్దరూ మూతలు విప్పుతున్నారు. నా భుజం మీద సెట్టులో మళ్ళీ వీఆర్వో గొంతు పలికింది.

"మేడం, బయల్దేరినారా? ఆయమ్మకు ఆయాసం ఎక్కువైంది."

"ఇంకా ల్యాదు. మిషన్ సూస్తాండారు."

అవతల ఎవరో సెట్టు లాక్కున్నారు. ఓబుళమ్మ భర్త. గొర్రెలు కాసే మనిషి, గొంతు పెద్దది. "మిషన్ సూసేదానికి నిన్నంతా టైము ల్యాకపోయనా మీకు? పండుకుంటే ఊపిరాడక కూసోబెట్టినాం. కూసోల్యాక పడిపోతాందని దాని ఈపుకు నా ఈపు ఆనిచ్చి కూచున్యా. ఎంతసేపు కూసోవల్లమ్మా?"

 "వస్తామప్పా. లేస్తానే నేనే చెప్తా" అన్నాను.

ఎస్సై కొండల వైపు చూస్తున్నాడు. మబ్బు అంచు కొండకొనను తాకింది. "ఒక పానా కోసరం మనిషిని సంపుకుంటామా? అది యాడ గడ్డిలోనో పడుంటాది" అన్నాడు. నాకూ ఆ క్షణంలో అట్లాగే అనిపించింది. వంటాయన, హోంగార్డు అమ్మాయి గడ్డి అంతా చేతులతో దువ్వుతున్నారు. మస్తాన్ మామ బకెట్టు బోర్లించి బురద పిసికి చూస్తున్నాడు. ఆయన గొణుగుడు ఆగిపోయింది.

ఫిట్టరు ఏ మాటకూ తల తిప్పలేదు. పొడుగు పుల్లకు కట్టిన చిన్న అద్దం ఒకటి ఉంది. దాన్ని ఇంజను పక్క సందులోకి దించి, టార్చి వేసి చూస్తున్నాడు. తుంపర పడితే వీపుతో అడ్డం నిలబడ్డాడు. చాలాసేపు అయింది. తర్వాత అద్దం కదలకుండా ఆగింది.

"సార్" అన్నాడు. అంతే.

పైలట్ సారు చూశాడు. తియ్యకముందు నన్ను పిలిచాడు. "మీరు ఎక్కబోయేవాళ్ళు. మీరూ చూడాలి" అన్నాడు. నిచ్చెన ఎక్కి అద్దంలోకి చూశాను. ఇంజను కింద సందులో నా బొటనవేలంత లావు కడ్డీ ఉంది. దానికీ పక్కనున్న చట్రానికీ మధ్య పానా ఇరుక్కుని ఉంది. దానికి బొట్టు లేదు. నూనె మాత్రం ఉంది.

"నేను లోపల కూర్చుని నడిపే కర్ర తిప్పితే ఈ కడ్డీ కదులుతుంది. ఇది కదిలితేనే రెక్కలు నా మాట వింటాయి" అన్నాడు పైలట్ సారు. "పైకి పోయాక అదురుకి ఆ పానా ఇంకొంచెం కిందికి జారితే ఇది బిగుసుకుపోతుంది."

"అప్పుడు ఏమైతాది సార్?"

"అప్పుడు నేనూ మీలాగా ప్రయాణికుణ్ణే."

ఫిట్టరు కొక్కెం దించి పానాను పైకి తీశాడు. అంకె చూసుకున్నాడు. దాన్ని దాని గుంతలో పెట్టాడు. మస్తాన్ మామది మస్తాన్ మామకు ఇచ్చాడు. ఆయన దాన్ని పంచెకు తుడుచుకుని నేరుగా జనరేటరు దగ్గరకు పోయి బోల్టు బిగించుకున్నాడు.

మూతలు వేశాక పైలట్ సారు చేసిన పని నేను మరిచిపోలేనిది. ఇంకెవరైనా అయితే ఫిట్టరును పక్కకు పొమ్మనేవాళ్ళు. ఈయన అతని ముందు నిలబడి, "ఇప్పుడు నువ్వు చెప్పు. లేపనా?" అని అడిగాడు.

ఫిట్టరు మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. మొదటి నుంచి చివరి దాకా ప్రతి బిగింపూ చేత్తో తాకి చూశాడు. పెట్టెలో ప్రతి పనిముట్టునూ తిప్పి అంకె చదివాడు. ఎస్సై కూడా ఈసారి తొందరపెట్టలేదు.

"లేపండి సార్" అన్నాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి, సగంలో వదిలేసిన పట్టీ బిగించాడు. చెయ్యి చల్లగా ఉంది.

మబ్బు ఇంకా కొండకొన దగ్గరే ఆగి ఉండగా, నేల జారిపోయినట్టు లేచాం. సెట్టులో మాట ఇచ్చినట్టే చెప్పాను. కింద అంతా ఎర్రనీళ్ళు. చీనీ, అదే బత్తాయి, తోటల్లో చెట్ల తలలు మాత్రం బయటికున్నాయి. తారురోడ్డు నీళ్ళలోకి దిగి, దూరంగా మళ్ళీ పైకి లేచింది. ఆ ఊరి పక్క మిట్ట మీద గొర్రెలను ఒక మూలకు తోలి మాకు చోటు చేశారు. మేం దిగేటప్పటికి గాలికి గొర్రెలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

చావిడి అరుగు మీద వాళ్ళిద్దరూ అట్లాగే ఉన్నారు. వీపుకు వీపు. ఆయన కదలకుండా కూర్చున్న తీరు చూస్తే ఇంట్లో స్తంభం గుర్తొచ్చింది. ఓబుళమ్మను నులకమంచం మీద మోసుకొచ్చాం. బరువు ఎక్కువవుతుందని ఆయనను ఎక్కించుకోలేదు. లేచి నిలబడితే ఆయనకు నడుము పట్టేసింది.

"ఇప్పుడా వచ్చేది?" అన్నాడు నాతో. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి ఆమె కాళ్ళ మీద కప్పాడు.

పైకి లేవగానే ఓబుళమ్మ నా చెయ్యి పట్టుకుంది. చెవిలో నోరు పెట్టి అడిగింది. "కిందబడతామా అమ్మే?"

"పడము."

"ఎవరు సెప్పినారు?"

"దీన్ని బాగు చేసేటాయన చెప్పినాడు."

ఆమె కళ్ళు మూసుకుంది. నా చెయ్యి వదల్లేదు.

జమ్మలమడుగులో అంబులెన్సు సిద్ధంగా ఉంది. ప్రొద్దుటూరు ఆసుపత్రికి నేనూ వెంట పోయాను. మధ్యాహ్నానికి ఆమెను మిషనుకు కలిపారు. సాయంత్రానికి పడుకోగలిగింది. మజ్జిగ కావాలని అడిగి నర్సుతో తిట్లు తిన్నది. అప్పుడు నాకు ఆమె బతుకుతుందని నమ్మకం కలిగింది.

రెండు రోజులకు విచారణకు పై అధికారులు వచ్చారు. మమ్మల్నీ అడిగారు. పూజ పెట్టడం వల్లే ఇదంతా జరిగిందా అని ఒకరు అడిగితే ఫిట్టరు ఒప్పుకోలేదు. "అమ్మవారి మీద పెట్టొద్దు సార్. నిచ్చెన మీదే పెట్టె సరిచూసుకోవాల్సింది. చూసుకోనిది నా చెయ్యి" అన్నాడు. హెలికాప్టరును ఆపింది ఫిట్టరేనని పైలట్ సారు చెప్పాడు. అయినా ఆయనను క్యాంపు నుంచి వెనక్కి పంపారు. రావలసిన ప్రమోషన్ ఆగిందని తర్వాత తెలిసింది.

జీపు ఎక్కేముందు పులివెందుల చీనీకాయలు ఒక సంచి నిండా ఆయనకు ఇచ్చాను.

"నన్ను తిట్టాల్సింది పోయి పండ్లిస్తాండావేందక్కా?"

"తిట్టల్లంటే నేను బతికుండల్ల గదప్పా. బతికుండా కాబట్టి పండ్లు."

ఆయన నవ్వాడు. ఆ సంఘటన తర్వాత నవ్వడం చూసింది అప్పుడే. మస్తాన్ మామ జీపు పక్కన నిలబడి, "మళ్ళా దసరాకు నా పానాలకు పసుపురంగు పెయింటు ఏస్తా, నీ వాటితో కలవవు, రాప్పా" అన్నాడు. ఆయన రాలేదు.

వాగులు తగ్గాయి. దారులు తేలాయి. తాడు చుట్టేశాం. ప్రొద్దుటూరు బస్సు ఎక్కి ఆ ఊళ్ళోని మా ఇంటికి చేరాను. బూట్లకంటిన రేగడిని పెరట్లో రాయితో గీకి గీకి తీశాను. మా ఇంటి ముందు పిల్లలు హెలికాప్టరు ఎట్లా ఉంటుందని అడిగితే, చిన్నగా ఉంటుందని చెప్పాను. ఓబుళమ్మ ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. ప్రొద్దుటూరుకు డయాలసిస్‌కు వచ్చినప్పుడల్లా ఆమె భర్త మా ఇంట్లో సద్దిమూట విప్పేవాడు. ఆలస్యంగా వచ్చారని నన్ను తిట్టిన సంగతి ఆయనే చెప్పుకుని నొచ్చుకునేవాడు. పానా సంగతి వివరంగా చెప్పాను. చివరిదాకా విన్నాడు. "ఆయనది బళ్ళారి పక్క యావూరమ్మే?" అని మాత్రం అడిగాడు. నాకు తెలియదు. అడగకపోయానే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు హెలికాప్టరులో తిరిగి వస్తున్నప్పుడు వాన పట్టుకుంది. ఓబుళమ్మ తల నా భుజం మీద ఉంది. కిటికీలోంచి మైదానం కనిపించింది. ఎస్సై, వంటాయన, అంబులెన్సువాళ్ళు అందరూ టెంటు కింద ఉన్నారు. సున్నపు గీత పక్కన ఒక్క మనిషి మాత్రం వానలో నిలబడి ఉన్నాడు. తలమీద ఏమీ లేదు. మేం పోయినప్పటి నుంచి అక్కడే ఉన్నాడట. చక్రాలు నేల తాకాయి. రెక్కలు పూర్తిగా ఆగాక ఫిట్టరు దగ్గరికి వచ్చాడు. మా వైపు చూడలేదు. ఈనిన ఆవు డొక్క మీద చెయ్యి వేసినట్టు హెలికాప్టరు రేకు మీద అరచెయ్యి ఆనించాడు. వాన ఆయన ముంజేతి మీద నుంచి కారుతోంది. ఓబుళమ్మను దించి, మంచం ఎత్తి, అంబులెన్సు తలుపు వేసేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.